అక్క పక్కనుంటే: చిన్నపిల్లలు బట్టలు వేసుకోవడం నేర్చుకునే విషయంలో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి టీచర్ని, ఇద్దరు పిల్లల తల్లిని. జూన్‌లో బడి తెరవగానే తల్లిదండ్రులు అడిగేవాటిలో బట్టల సంగతి తప్పకుండా ఉంటుంది. "మావాడికి చొక్కా వేసుకోవడం రాదు మేడమ్, రోజూ వాళ్ళక్కే వేస్తుంది, పరవాలేదా?" అని. అక్క సాయం ఉండటం మంచిదే. కాకపోతే అక్క తొడిగిపెట్టడం వేరు, తొడుక్కోవడం నేర్పడం వేరు. తొడిగిపెడితే ఆ పూటకి పని తెములుతుంది. నేర్పితే చిన్నవాడికి పని వస్తుంది, పెద్దదాని మీద బరువు కూడా తగ్గుతుంది. కింది ప్రశ్నలన్నీ దాదాపు ఈ తేడా దగ్గర పుట్టినవే. అక్క, తమ్ముడు అని రాసినచోట అన్న, చెల్లి అని కూడా చదువుకోండి. తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

ఏ వయసులో మొదలుపెట్టాలి?

మీరు అనుకుంటున్నదానికంటే ముందే. ఏడాదిన్నర పిల్లలు మనం చొక్కా తొడుగుతుంటే చెయ్యి లోపలికి దూరుస్తారు, నిక్కరు వేస్తుంటే కాలెత్తుతారు. నేర్చుకోవడం అక్కడే మొదలైపోయింది. రెండున్నరేళ్ళకి వదులు నిక్కరు, ముందు తెరిచి ఉన్న స్వెట్టరు లాంటివి సొంతంగా విప్పేస్తారు. మూడేళ్ళకి వదులుగా ఉన్నవి కొన్ని వేసుకుంటారు. నాలుగేళ్ళకి కొన్ని గుండీలు తీయగలరు, ఐదేళ్ళకి కొన్ని పెట్టుకోగలరు. ఇవి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన పట్టికలో ఉన్నవి. నలుగురు పిల్లల్లో కనీసం ముగ్గురు ఆ వయసుకి చేయగలిగే పనులనే ఆ పట్టికలో చేర్చారు.

మన ఇళ్ళలో దీనికంటే కాస్త ఆలస్యం కావడం నేను చూస్తుంటాను. అమ్మమ్మో నాయనమ్మో ఐదేళ్ళు వచ్చేదాకా ముద్దుగా తొడిగేస్తుంటే పిల్లాడికి ప్రయత్నించే అవకాశమే దొరకదు. చేతకాక రాకపోవడం, చెయ్యనివ్వక రాకపోవడం ఒకటి కాదు. రెండోది అయితే కొన్ని వారాల్లోనే అందుకుంటారు.

ఆ పట్టికలో వరస చూశారా? విప్పడం ముందు, వేసుకోవడం తర్వాత. అందుకే అక్కకి అప్పజెప్పే మొదటి పని స్నానానికి ముందు తమ్ముడి చేత పైబట్టలు విప్పించడం. అప్పుడు బస్సు వచ్చేస్తుందన్న కంగారు ఉండదు, తిరగబడినా నలిగినా ఎలాగూ ఉతకడానికే వెళ్తాయి.

తల్లిదండ్రులం మేం ఉండగా అక్క చేత ఎందుకు?

మీరూ నేర్పండి. అక్క మీకు బదులు కాదు. కానీ అక్క దగ్గర మనకి లేనిది ఒకటుంది: ఆమె ఈ పని నేర్చుకుని ఎంతో కాలం కాలేదు. ఎక్కడ చెయ్యి ఇరుక్కుంటుందో, మెడ బిగుతుగా ఉంటే ఎంత భయమేస్తుందో ఆమెకింకా గుర్తే. మనం "సరిగ్గా పట్టుకో నాన్నా" అంటాం. సరిగ్గా అంటే ఏంటో నాలుగేళ్ళవాడికి తెలీదు. మా పెద్దది వాళ్ళ తమ్ముడితో "చెయ్యి పిడికిలి పట్టరా, అప్పుడు వేళ్ళు తగులుకోవు" అంటుంటే విన్నాను. స్వెట్టరు చేతిలోంచి చెయ్యి దూర్చేటప్పుడు వేళ్ళు దారాల్లో చిక్కుకుంటాయని నాకెప్పుడూ తట్టలేదు.

నేర్పడం మీద బాగా పేరున్న పరిశోధన ఒకటి 1976లో వచ్చింది. డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ మూడు, నాలుగు, ఐదేళ్ళ పిల్లల చేత చెక్కముక్కలతో పిరమిడ్ కట్టిస్తూ, నేర్పేవాళ్ళు ఏం చేస్తారో గమనించారు. పిల్లాడి శక్తికి మించిన భాగాన్ని నేర్పేవాళ్ళు తాము పట్టుకుని ఉంటే, పిల్లాడు తనకి అందే భాగం మీద దృష్టి పెట్టి పూర్తిచేయగలడని చెప్పారు. అందులో నేర్పింది పెద్దవాళ్ళే. కానీ చొక్కా కాలరు పట్టుకుని నిలబడి, చేతులు దూర్చే పని తమ్ముడికి వదిలేసే ఎనిమిదేళ్ళ పిల్ల చేసేది కూడా అదే.

అక్కకి ఎంత వయసుంటే నేర్పగలదు?

తన బట్టలు తాను పూర్తిగా వేసుకోగలిగి ఉండాలి. నా లెక్కలో ఏడేళ్ళ తర్వాత అయితే మేలు. ఇద్దరికీ ఏడాదిన్నర, రెండేళ్ళ తేడానే ఉంటే నేర్పించమనకండి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి కలిసి వేసుకోమనండి. చిన్నది చూసి నేర్చుకుంటుంది. ఆ వయసులో ఒకరికి టీచరు హోదా ఇస్తే అది కొట్లాటలోకే దిగుతుంది.

అక్కకి ఏమని చెప్పాలి? ఎలా నేర్పాలో ఆమెకి తెలీదు కదా?

మూడు మాటలు చాలు. ముందు వాడిని చెయ్యనివ్వు. ఆగిపోతే మనసులో పది లెక్కపెట్టి, నోటితో చెప్పు. అప్పటికీ కాకపోతే ఇరుక్కున్నచోట మాత్రం చెయ్యి వెయ్యి.

వీటిలో పిల్లలకి కష్టమైనది మధ్యలోది. పది లెక్కపెట్టేలోపే చెయ్యి ముందుకొచ్చేస్తుంది. పెద్దవాళ్ళకీ అంతే. అందుకే ఒకటి రెండుసార్లు మీరు పక్కన కూర్చుని, అక్కతో కలిసి వేళ్ళ మీద లెక్కపెట్టండి.

చివరి మెట్టు ముందు నేర్పాలంటారు, అదేంటి?

ఈ పేజీలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ఏ పనైనా మొదటి మెట్టు నుంచి నేర్పితే పిల్లాడు కష్టపడి మొదలుపెడతాడు, ముగింపు మనం చేస్తాం. వాడికి పని పూర్తిచేసిన సంతోషం దక్కదు. చివరి మెట్టు నుంచి వెనక్కి వస్తే ప్రతిసారీ పని వాడి చేతిలోనే పూర్తవుతుంది. పిల్లలకి చేతి పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఈ పద్ధతినే ఎక్కువగా వాడతారు.

నిక్కరుతో చూద్దాం. తెలంగాణలో మీరు లాగు అంటారేమో, ఏదైనా పద్ధతి ఒకటే. మొదట అక్క రెండు కాళ్ళూ దూర్చి మోకాళ్ళ పైదాకా లాగుతుంది. అక్కణ్ణుంచి నడుముదాకా లాక్కోవడం ఒక్కటే తమ్ముడి పని. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. పిల్లలు రెండు చేతులతోనూ ముందువైపే పట్టుకుని లాగుతారు. ముందు బొడ్డుదాకా వస్తుంది, వెనక ఎలాస్టిక్ పిర్రల కింద ఆగిపోతుంది. వాడికి అది కనిపించదు, కాబట్టి ఇంకా గట్టిగా ముందుకే లాగి ఏడుపు మొదలుపెడతాడు. "ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక" అని అక్క వాడి చేతిని వెనక ఎలాస్టిక్ మీద పెట్టి చూపించాలి. బొటనవేలు లోపలికి, మిగతా వేళ్ళు బయటికి. ఇంత చిన్న కిటుకుతో రోజూ ఏడ్చే పిల్లాడు ఏడవకుండా వేసుకోవడం నేను చాలామంది దగ్గర చూశాను.

ఇది వచ్చాక అక్క చీలమండల దాకానే తెచ్చి వదిలేస్తుంది. తర్వాత ఒక కాలు మాత్రమే దూరుస్తుంది, రెండోది వాడి పని. ఆ తర్వాత నిక్కరు ముందువైపు పైకి ఉండేలా వాడి ముందు నేలమీద పరిచి ఊరుకుంటుంది. ముందేదో వెనకేదో గుర్తుపట్టడం అన్నిటికంటే చివర. అదే అన్నిటికంటే కష్టం కూడా.

కూర్చుని కాళ్ళు దూర్చాలి, నిలబడి లాక్కోవాలి. ఒంటికాలి మీద నిలబడి వేసుకోవడం మూడేళ్ళవాడికి చాలా పెద్ద పని, వాడిని అలా నిలబెట్టకండి. చిన్న పీట ఒకటి వేస్తే హాయిగా ఉంటుంది.

టీషర్టు, బనియను తలకి ఇరుక్కుని భయపడుతున్నాడు. ఏం చేయాలి?

ఆ కాసేపూ కళ్ళకి ఏమీ కనిపించదు, అందుకే భయం. ముందు మెడ పెద్దగా సాగే బట్టతో మొదలుపెట్టండి. నాన్న పాత బనియను అయితే ఇంకా మంచిది. దాన్ని మంచం మీద బోర్లా పరిచి, అంచు వాడివైపు ఉండేలా పెట్టి, లోపలికి తల దూర్చి అవతలి నుంచి బయటికి రావడం ఆటగా ఆడించమని అక్కకి చెప్పండి. "బూచీ" అంటూ మొహం బయటపెట్టే ఆట పసిపిల్లలప్పటి నుంచి వాళ్ళకి తెలిసిందే.

ఇక్కడా చివరి మెట్టే ముందు. తల, చేతులు అక్క దూరుస్తుంది, ఛాతీ మీద నుంచి కిందికి లాక్కోవడం తమ్ముడి వంతు.

ముందు తెరిచి ఉండే చొక్కాకి, స్వెట్టరుకి ప్రీస్కూళ్ళలో వాడే మంచి ఉపాయం ఒకటుంది. చొక్కాని లోపలివైపు పైకి కనిపించేలా నేలమీద పరవాలి, కాలరు పిల్లాడి కాళ్ళవైపు ఉండాలి. వాడు వంగి రెండు చేతులూ చొక్కా చేతుల్లో దూర్చి, అలాగే పైకెత్తి తలమీదుగా వెనక్కి తిప్పేయాలి. చొక్కా సరిగ్గా వీపు మీద పడుతుంది. పిల్లలకి ఇది గారడీలా అనిపించి మళ్ళీ మళ్ళీ చేస్తారు. అమెరికాలోనో కెనడాలోనో ఉండి రోజూ మంచు జాకెట్లతో కుస్తీ పట్టే మనవాళ్ళకి ఇది మరీ పనికొస్తుంది.

గుండీలు ఎలా నేర్పాలి?

ఓపిక అంతా ఇక్కడే కావాలి. గుండీ పెట్టుకోవడంలో రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు ఒకేసారి చేయాలి. మామూలు మగపిల్లల చొక్కాకి కాజాలు ఎడమవైపు పట్టీకి, గుండీలు కుడివైపు పట్టీకి ఉంటాయి. ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు కాజా అంచుని పట్టుకుని కాస్త ఎత్తాలి. కుడిచేతి వేళ్ళు గుండీని పక్కకి తిప్పి, అంచు ముందుగా వెళ్ళేలా కింది నుంచి కాజాలోకి నెట్టాలి. సగం గుండీ పైకి కనిపించగానే ఎడమచెయ్యి కాజా వదిలి గుండీని అందుకోవాలి, కుడిచెయ్యి గుండీని వదిలి తన వైపు పట్టీని లాగాలి. ఈ చేతులు మారే క్షణంలోనే గుండీ మళ్ళీ వెనక్కి జారిపోతుంది. పిల్లలు విసిగిపోయేది అక్కడే.

కాబట్టి అక్క చేయాల్సిన సాయం కూడా అక్కడే. గుండీని సగందాకా నెట్టి పట్టుకుంటుంది, పైకి వచ్చిన సగాన్ని తమ్ముడు లాగుతాడు. అది అలవాటయ్యాక తమ్ముడు నెడతాడు, అక్క పట్టీ మాత్రం బిగువుగా పట్టుకుంటుంది.

అక్క ఎదురుగా కూర్చుంటే ఆమె కుడి వాడికి ఎడమ అవుతుంది, చూసి చేయబోతే గందరగోళమే. వెనక కూర్చుని, రెండు పక్కల నుంచీ చేతులు ముందుకి చాపి చూపిస్తే ఆమె చేతులు వాడి చేతుల్లాగే కదులుతాయి. అద్దం ముందు అలా కూర్చోబెడితే ఇంకా బాగుంటుంది. ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి: ఆడపిల్లల చొక్కాలకి సాధారణంగా గుండీలు ఎడమవైపు, కాజాలు కుడివైపు ఉంటాయి. అక్క తన యూనిఫాం మీద చూపించి తమ్ముడిని చేయమంటే అందుకే తికమకపడతాడు. వాడి చొక్కా మీదే నేర్పాలి.

పైనుంచి మొదలుపెట్టొద్దు. మెడ దగ్గరి గుండీ వాడికి కనిపించదు. కింది గుండీ కళ్ళకి కనిపిస్తుంది, పైగా రెండు అంచులూ సమానంగా ఉన్నాయో లేదో అక్కడే తెలుస్తుంది. ఎగుడుదిగుడు గుండీల బాధ కూడా తప్పుతుంది.

ఒంటి మీద ఉన్న చొక్కా కంటే ఒళ్ళో ఉన్న చొక్కా తేలిక. మరియా మాంటిస్సోరి తన బడి కోసం చేయించిన సామగ్రిలో చెక్క చట్రాలుంటాయి. ఒక్కో చట్రానికి రెండు గుడ్డముక్కలు బిగించి, ఒకదానికి పెద్ద గుండీలు, ఒకదానికి జిప్పు, ఇంకొకదానికి లేసులు పెడతారు. పిల్లలు వాటిని బల్లమీద పెట్టుకుని సాధన చేస్తారు. ఆమె 1907లో రోమ్‌లో మొదటి బడి తెరిచారు, 1939లో మద్రాసు అడయారుకి వచ్చి ఇక్కడి టీచర్లకీ శిక్షణ ఇచ్చారు. ఆ చట్రాలు కొనక్కర్లేదు. నాన్న పాత చొక్కాని దిండుకి తొడిగి ఇద్దరికీ మధ్యలో పెట్టండి, అదే చట్రం. గుండీ నెట్టే చేతివాటం రావాలంటే హుండీలో రూపాయి బిళ్ళలు వేయించడం కూడా మంచి సాధనే. చిన్నపిల్లలు బిళ్ళల్ని నోట్లో పెట్టుకుంటారు కాబట్టి పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి.

జిప్పు, హుక్కు, నాడా సంగతి?

జిప్పు కొక్కేనికి కీచైన్ రింగో రిబ్బనో కట్టండి, పట్టు దొరుకుతుంది. కింద రెండు కొసలూ కలిపి దూర్చే పని ఐదేళ్ళు దాటాక చూసుకోవచ్చు, అప్పటిదాకా అది అక్క చేస్తే పైకి లాగడం తమ్ముడు చేస్తాడు. ప్యాంటు జిప్పు మాత్రం లోపల చడ్డీ ఉన్నప్పుడే, చొక్కా అంచు పక్కకి తప్పించాకే లాగాలి. చర్మం ఇరుక్కుంటే భరించలేని నొప్పి.

హుక్కులు, నాడాలు ఈ వయసుకి వద్దు. లంగాకైనా పైజమాకైనా ఎలాస్టిక్ వేయించండి. నాడా ముడి బిగుసుకుపోయి, బడిలో ఒంటేలుకి వెళ్ళాల్సిన పిల్లాడు పడే అవస్థ నేను దాదాపు ప్రతి ఏడాదీ చూస్తాను.

సాక్సులు, బూట్లు?

సాక్సు విప్పడం రెండేళ్ళ లోపే వచ్చేస్తుంది, అడగకపోయినా చేస్తారు. వేసుకోవడానికి అక్క సాక్సుని కొసదాకా చుట్టి చిన్న గిన్నెలా చేసి ఇస్తే తమ్ముడు వేళ్ళు అందులో పెట్టి లాక్కుంటాడు. మడమ దగ్గర ఆగిపోతుంది. కాలు ఒళ్ళోకి మడిచి పెట్టుకుంటే అది దాటుతుంది. మడమ కోసం వేరే రంగు కుట్టిన సాక్సులు కొంటే ఏది కిందికి రావాలో వాడికే తెలుస్తుంది.

బూట్లకి వెల్‌క్రో పట్టీ చాలు. లేసులు చాలామందికి ఐదారేళ్ళ తర్వాతే వస్తాయి, ఏడేళ్ళకి వచ్చినా కంగారు పడాల్సిందేమీ లేదు. కుడి ఎడమలకి మా క్లాసులో చేసేది ఇది: ఒక బొమ్మ స్టిక్కరుని మధ్యకి కత్తిరించి రెండు బూట్ల లోపల అడుగున చెరో సగం అంటించడం. పక్కపక్కన పెట్టినప్పుడు బొమ్మ పూర్తయితే సరిగ్గా ఉన్నట్టు.

ఎలాంటి బట్టలు కొంటే నేర్చుకోవడం తేలిక?

వదులు మెడ, ఎలాస్టిక్ నడుము, పెద్ద గుండీలు. ముందువైపు బొమ్మో జేబో ఉంటే ముందువెనకలు తెలుస్తాయి. వీపున జిప్పు ఉన్న గౌన్లు చూడ్డానికి బాగుంటాయి కానీ ఏ పిల్లా తనంతట తాను వేసుకోలేదు.

యూనిఫాం దగ్గర మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. ఎదిగే పిల్లలు కదా అని రెండు సైజులు పెద్దది కొంటారు. నిక్కరు జారుతుంది, చొక్కా చేతుల్లోంచి వేళ్ళు బయటికి రావు, గుండీ ఎక్కడుందో వాడికి కనిపించదు. ఒక సైజు పెద్దది చాలు. టైలరు దగ్గర కుట్టిస్తుంటే కాజాలు కాస్త పెద్దవిగా వేయమనండి, కొత్త కాజాలు గట్టిగా ఉంటాయి. రెడీమేడ్ కొంటే ముందు రెండు మూడుసార్లు ఉతికి, గుండీలన్నీ మీరే పెట్టి తీసి మెత్తబరచి ఇవ్వండి. అక్కవి చిన్నవైన బట్టలు చెల్లికి వస్తే సిగ్గుపడకండి, వాడకంతో మెత్తబడ్డ బట్ట నేర్చుకోవడానికి చాలా అనువు.

పొద్దున్న ఆటో వచ్చేస్తుంటుంది. నేర్పించే టైం ఎక్కడిది?

బడి ఉన్న రోజు పొద్దున నేర్పకండి. సాయంత్రం యూనిఫాం విప్పి ఇంటి బట్టలు వేసుకునేటప్పుడు, ఆదివారం స్నానం తర్వాత నేర్పండి. పొద్దున పూట వాడికి బాగా వచ్చిన ఒక్క మెట్టు మాత్రం వాడికి వదిలి, మిగతాది మీరే తొడిగేయండి. మీరే అన్నాను, అక్క కాదు. ఆమె కూడా అదే ఆటో ఎక్కాలి, జడలు వేయించుకోవాలి, టిఫిన్ తినాలి.

రాత్రి పడుకునే ముందు ఇద్దరూ కలిసి మర్నాటి బట్టలు తీసి, వేసుకునే వరసలో కుర్చీ మీద పెట్టే అలవాటు చేయండి. చడ్డీ పైన, బనియను దాని కింద, తర్వాత నిక్కరు, చొక్కా. పొద్దున ఏది ముందని అడగక్కర్లేదు.

"నేనే వేసుకుంటా" అని అక్కని ముట్టుకోనివ్వడు. లేదంటే "అక్కే వేయాలి" అని మొరాయిస్తాడు. ఏం చేయాలి?

రెండూ ఒకే పిల్లాడిలో, ఒకే రోజు చూడొచ్చు. నేనే అన్నప్పుడు వదిలేయండి, అక్క పక్కన ఉంటే చాలు. తిరగేసుకున్నా సరిచేయకండి, వాడు అడిగితే చెప్పండి.

అక్కే వేయాలి అన్నప్పుడు వాడికి చాలాసార్లు బట్టల గురించి బాధ ఉండదు. ఆకలో నిద్రో ఉంటుంది, లేదా అక్క కాసేపు తనతో ఉండాలని ఉంటుంది. ఆ రోజుకి సగం సగం చేయమనండి: ఒక చెయ్యి అక్క, ఒక చెయ్యి తమ్ముడు. ఒంట్లో బాగాలేని రోజు, ఇంట్లో కొత్త పాప పుట్టినప్పుడు, ఊరు మారినప్పుడు వచ్చిన పని కూడా మర్చిపోయినట్టు చేస్తారు. అప్పుడు ముద్దుగా తొడిగేయడమే సరైన పని.

పెద్దది విసుక్కుంటోంది, వాడిని ఎగతాళి చేస్తోంది, ఒక్కోసారి కొడుతోంది.

ఇలా చెప్పినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న: ఈ పని ఆమెకి ఇష్టమై చేస్తోందా, మీరు అంటగట్టారా?

చాలా ఇళ్ళలో ఎనిమిదేళ్ళ ఆడపిల్ల సగం తల్లి అయిపోతుంది. తమ్ముడికి తినిపించు, తమ్ముడికి తొడుగు, తమ్ముడు ఏడుస్తున్నాడు చూడు. అదే ఇంట్లో పదేళ్ళ అన్న ఉంటే వాడిని ఎవరూ అడగరు. ఇది నాకు మనసుకి కష్టంగా ఉండే విషయం. నేర్పడం అనేది ఓపికున్నప్పుడు పది నిమిషాలు చేసే ముచ్చటైన పని. అది రోజువారీ బాధ్యత అయిందంటే ఆ పిల్ల చిన్నతనంలో ఒక ముక్క తీసేసుకున్నట్టే. చిన్నవాడు ఆలస్యమైతే పెద్దదాన్ని తిట్టడం అయితే అస్సలు చేయకండి. వాడి గుండీలకి జవాబుదారీ మీరు.

కాబట్టి అడగండి, ఆజ్ఞ వేయకండి. "ఇవాళ సాయంత్రం తమ్ముడికి సాక్సులు నేర్పుతావా?" అంటే వద్దనే హక్కు ఆమెకి ఉండాలి. వద్దంటే "సరేలే తల్లీ" అని మీరు కూర్చోండి. అన్న ఉంటే వాడినీ అడగండి. నేర్పినప్పుడు "తమ్ముడు ఎంత బాగా వేసుకున్నాడో" అనడంతో ఆపకుండా, ఆమె చేసినదాన్ని పేరుపెట్టి చెప్పండి: "వాడు తడబడుతుంటే నువ్వు లాక్కోకుండా ఆగావు, నేను చూశాను." పొగడ్త ఎప్పుడూ చిన్నవాడికే వెళ్తుంటే పెద్దదానికి కోపం రావడం న్యాయమే.

ఎగతాళి మాత్రం అక్కడికక్కడే ఆపాలి. "ఇంత పెద్దయ్యావు, ఇంకా రాదా" అన్న మాట అక్క నోటినుంచి వస్తుంటే అది ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర విన్నదే అయి ఉంటుంది. ముందు మన నోరు సరిచేసుకోవాలి. కొడితే ఆ పూటకి పని ఆపేసి ఇద్దరినీ విడదీయండి, అరవకండి. మర్నాడు మళ్ళీ ఆమెకి ఇష్టమైతేనే.

అన్న చెల్లికి బట్టలు వేయడంలో సాయం చేయొచ్చా?

చేయొచ్చు. సాక్సులు, బూట్లు, స్వెట్టరు, గుండీలు, ఇవన్నీ ఎవరు ఎవరికైనా నేర్పొచ్చు. స్నానం చేయించడం, లోదుస్తులు మార్చడం, కడగడం మాత్రం పెద్దవాళ్ళ పనిగానే ఉంచండి. అక్కాచెల్లెళ్ళయినా, అన్నదమ్ములైనా ఇదే నియమం. ఎవరి మీదా అనుమానంతో చెబుతున్న మాట కాదిది. తన ఒళ్ళు తనదని, ముట్టుకునే ముందు అడగాలని ఇద్దరు పిల్లలూ నేర్చుకునేది బట్టలు వేసుకునే గదిలోనే. చిన్నది వద్దంటే అన్న చెయ్యి తీసేయాలి. గది తలుపు తీసే ఉంచండి. ఏ పిల్లయినా ఎవరి గురించైనా ఇబ్బందిగా ఏదైనా చెబితే నమ్మి వినండి. సాయం కావాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది.

అక్కకి ఏ పనులు అప్పజెప్పకూడదు?

ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్ళడం, అప్పుడే తీసిన వేడి బట్ట తొడగడం, పిన్నీసు పెట్టడం. ఎల్‌కేజీ పిల్లల చొక్కాకి రుమాలు పిన్నీసుతో గుచ్చడం చాలా బడుల్లో ఉంది, అది మీరే గుచ్చండి. బీరువా పై అరలోంచి బట్టలు తీయడానికి స్టూలు ఎక్కడం, తమ్ముడిని ఎత్తి మంచం మీద నిలబెట్టడం వద్దు. చున్నీ, తాడు, టోపీ తాళ్ళు మెడకి చుట్టే ఆటలు అస్సలు వద్దని ఇద్దరికీ గట్టిగా చెప్పాలి. ఊడిన గుండీ వెంటనే తీసేయండి, పసిపిల్లలు మింగేస్తారు.

పండగ బట్టలు?

పట్టులంగా, పంచె నేర్పడానికి కావు. రాయలసీమలో పట్టుపావడా అంటారు, ఏదైనా బరువే. అక్కకి అప్పుడు వేరే పని ఇవ్వండి: గాజులు తొడగడం, పూలు అందించడం. సంక్రాంతి పొద్దున నేర్పించబోతే ఇల్లంతా ఏడుపే.

మాకు ఒక్కడే. అక్కా అన్నా లేరు.

పెద్దమ్మ పిల్లలు, పక్కింటి పిల్లలు ఉంటారు కదా. సెలవులకి వాళ్ళు వచ్చిన వారంలో మీవాడు ఏడాదిలో నేర్చుకోనిది నేర్చేసుకోవచ్చు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి అంగన్‌వాడీలో ఆటపాటలతో చదువు ఉంటుంది, అక్కడ ఐదేళ్ళవాళ్ళని చూసి మూడేళ్ళవాళ్ళు చెప్పులు వేసుకోవడం నేర్చుకుంటుంటే నేను కళ్ళారా చూశాను.

ఎప్పుడు డాక్టరుకి చూపించాలి?

మూడున్నర, నాలుగేళ్ళు వచ్చి, అవకాశం ఇస్తున్నా వదులు నిక్కరు కూడా లాక్కోలేకపోతే, ఒక చెయ్యే వాడుతుంటే, అంతకుముందు వచ్చిన పనులు పోతుంటే పిల్లల డాక్టరుకి చూపించండి. బట్ట తగిలితేనే, లేబుల్ గుచ్చుకుంటేనే తట్టుకోలేనంతగా ఏడ్చే పిల్లలుంటారు. అది మొండితనం అని కొట్టకండి. ముందు లేబుళ్ళు కత్తిరించండి, మెత్తటి నూలు బట్టలు వేయండి, అయినా తగ్గకపోతే అదీ డాక్టరుతో చెప్పండి. డబ్బు గురించి ఆగిపోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళదాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తారు. ఎదుగుదలలో తేడా కనిపిస్తే జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడిగితే దారి చెబుతారు.

చొక్కా తిరగేసి, గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, అలాగే బడికి వెళ్తానంటున్నాడు. పంపొచ్చా?

పంపండి. కుట్లు బయటికి కనిపిస్తే మాకేమీ కాదు. గుండీల్లో తప్పు ఉంటే వాడే క్లాసులో ఎప్పుడో చూసుకుంటాడు, లేదా పక్కవాడు చూపిస్తాడు. బూట్లు కుడి ఎడమలు మారితే మాత్రం పడిపోతాడు కాబట్టి గుమ్మం దగ్గర మార్పించండి. డైరీలో "ఇవాళ తనే వేసుకున్నాడు" అని ఒక్క ముక్క రాయండి. క్లాసు టీచరుకి తెలిస్తే సరిచేసేబదులు వాడిని మెచ్చుకుంటుంది. ఆ రోజు నేర్పింది అక్క అయితే ఆ సంగతి కూడా రాయండి, ఆమె క్లాసు టీచరుకి కూడా చెబుతాం.